కనుమ మీది ఓడదొంగలు

వెంకటగిరికోట నుంచి సముద్రం చూడాలంటే కనుమ దిగి తూర్పుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా పోవాలి. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే ఈ మెట్టసీమలో టమోటా, పట్టుగూళ్ళు, చెరువు కింద నాలుగు మడులు, వీటి చుట్టూ బతుకు తిరుగుతుంది. ఓడదొంగల మీద పిల్లలకు బొమ్మల చరిత్ర కథ రాయబోయే రచయితకు ఈ ఊరు చచ్చినా తట్టదు. అయినా ఆ కథకు కావలసిన అసలు చరిత్ర మచిలీపట్నం, మోటుపల్లి రేవుల్లో ఎంత దొరుకుతుందో పెద్దనాయకన దుర్గం, మొగిలి కనుమల్లోనూ అంతే దొరుకుతుందన్నది ఈ వ్యాసంలో నా వాదన. ఓడదొంగతనం కత్తియుద్ధాల కథ కన్నా ముందు ఒక రాబడి ఏర్పాటు. దారిని పట్టుకున్నవాడు దారిన పోయేవాడి దగ్గర వసూలు చేసేది. ఆ వసూలుకు ఒక చోట సుంకమనీ, ఒక చోట కావలి అనీ, ఒక చోట దోపిడీ అనీ పేరు పడింది. ఏ పేరు పడాలో ఎప్పుడూ బలం ఉన్నవాడే తేల్చాడు. దీన్ని అర్థం చేసుకోవడానికి పుంగనూరు పిల్లలకు, కుప్పం పిల్లలకు కరీబియన్ దీవులు అక్కర్లేదు.

మనకు ఓడదొంగ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' 1883లో పుస్తకంగా వచ్చింది. నడుముకు ఎర్ర గుడ్డ, చెవికి పోగు, తలకు రుమాలు, ఈ వేషాన్ని స్థిరపరిచింది మాత్రం అమెరికన్ చిత్రకారుడు హోవర్డ్ పైల్, ఆయన శిష్యుడు వైయత్. పైల్ బొమ్మలు స్పెయిన్ పల్లెజనం దుస్తుల మీద ఆధారపడ్డ ఊహలే. తర్వాత సినిమాలు వాటినే చరిత్రగా చూపించాయి. తెలుగులో నండూరి రామమోహనరావు అనువాదం 'కాంచనద్వీపం' ఆ ప్రపంచాన్ని ఎంతో చక్కని మాటల్లో మన ఇళ్ళకు తెచ్చింది. ఇంకోవైపు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'మకరదేవత', 'జ్వాలాద్వీపం' సీరియళ్ళు, వాటికి చిత్రా వేసిన బొమ్మలు. అవి సముద్రాన్ని మాంత్రికులూ వింత జంతువులూ ఉండే చోటుగా చూపించాయి. రెండూ గొప్పవే, అందులో పేచీ లేదు. కానీ ఒకటి పరాయి చరిత్ర, ఇంకొకటి చరిత్ర కానేకాదు. మన తీరంలో ఓడలు ఎలా పోయాయో, ఎవరు దోచారో, దోచినవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు ఎలా పెరిగారో చెప్పే పని అలాగే మిగిలిపోయింది.

ఆ పిల్లల ప్రస్తావన మార్కో పోలోలో ఉంది. 13వ శతాబ్దం చివరి పదేళ్ళలో మన తీరాలు చూసిన ఈ వెనిస్ వర్తకుడు మలబారు, గుజరాతు ఓడదొంగల గురించి వివరంగా రాశాడు. ఏటా వందకు పైగా దొంగ ఓడలు బయలుదేరతాయి. భార్యాబిడ్డలను వెంటబెట్టుకునే వేసవి అంతా సముద్రం మీదే కాపురం. ఇరవై ముప్పై ఓడలు ఒక జట్టుగా, ఓడకూ ఓడకూ ఐదారు మైళ్ళ ఎడం ఉండేట్టు బారుగా నిలబడతాయి. వంద మైళ్ళ సముద్రం వాళ్ళ కంటి కింద ఉంటుంది. వర్తకుడి ఓడ కనబడగానే మంటతోనో పొగతోనో కబురు చేసుకుని అందరూ చుట్టుముడతారు. సరుకంతా తీసుకుంటారు గాని మనుషులను చంపరు. వదిలేస్తే వాళ్ళు మళ్ళీ సంపాదించుకుని ఇదే దారిన వస్తారని వాళ్ళ లెక్క. గుజరాతు వైపు వాళ్ళది ఇంకా గట్టి తెలివి. పట్టుబడిన వర్తకుడు ముత్యాలు మింగేశాడేమోనని చింతపండు కలిపిన సముద్రపు నీళ్ళు తాగించి కడుపులోనిదంతా బయటికి రప్పించేవారట. చింతపండుకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని రాయలసీమ పిల్లలకు చెబితే వాళ్ళు ఆ పేజీ మరిచిపోరు. ఇక ఠాణే రాజు సంగతి. అతనికి గుర్రాల కొరత ఉండేది. అందుకని దొంగలతో ఒప్పందం చేసుకున్నాడు. దోపిడీలో దొరికిన గుర్రాలన్నీ రాజుకు, మిగతా సొత్తంతా వాళ్ళకు. అంటే రాజ్యానికీ దొంగకూ మధ్య వాటాల పంపకం ఉంది, పద్ధతి ఉంది, ఓడ మీదే పెరిగే పిల్లలూ ఉన్నారు.

మార్కో పోలోను ఎంతవరకు నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని రాసిన ఆయన, ఆమెను పూర్వపు రాజు భార్య అన్నాడు. నిజానికి ఆ రాణి రుద్రమదేవి, కాకతీయ రాజు గణపతిదేవుడి కూతురు. ఇలా తప్పుగా విన్న మనిషి ఓడదొంగల గురించి మాత్రం అంతా సరిగ్గా విన్నాడని ఎలా అనగలం? అందుకే రెండో సాక్షి కావాలి. ఆ సాక్షి మోటుపల్లి వీరభద్రాలయంలోనే ఉంది. 1244-45లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అది. పూర్వపు రాజులు ఒక దేశం నుంచి మరో దేశానికి పోతూ తుపానుకు చిక్కి, బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాగేసుకునేవారని, తాను మాత్రం నియమిత సుంకం తప్ప మిగతా అంతా వర్తకులకే వదిలేస్తున్నానని రాజు అందులో చెప్పుకున్నాడు. కర్పూరం, చందనం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు, పోకలు, ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. సరిగ్గా ఇదే ఆచారాన్ని మార్కో పోలో పడమటి తీరంలో ఎలి అనే రాజ్యానికి అంటగట్టాడు. వేరే రేవుకు పోవలసిన ఓడ దారితప్పి తమ రేవుకు వస్తే, దేవుడే పంపాడని చెప్పి దోచుకునేవారట. ఒకరి మాట ఒకరు వినని రెండు సాక్ష్యాలు, ఒకటి పరదేశి పుస్తకం, ఇంకొకటి మన రాజు రాయించిన రాయి, ఒకే సంగతి చెబుతున్నాయి. గణపతిదేవుడి శాసనాన్ని మనవాళ్ళు ఎక్కువగా ఆయన దయకు గుర్తుగా చదువుతారు. నాకు అందులో మొదటి సగం ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది. రాజులే దోచేవారని ఒక రాజు రాతపూర్వకంగా ఒప్పుకోవడం తరచుగా జరిగే పని కాదు. పద్ధతి మారాక మోటుపల్లి రేవు దశ తిరిగింది. దోపిడీ మానేస్తే రాబడి పెరుగుతుందని రాజుకు లెక్క తెలిసింది, అంతే.

16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు వచ్చి ఈ లెక్కను ఇంకో మెట్టు ఎక్కించారు. వాళ్ళ దగ్గర డబ్బు కట్టి కార్తాజ్ అనే చీటీ తీసుకోని ఓడ సముద్రం మీద కనబడితే పట్టుకోవచ్చని వాళ్ళే శాసించారు. మచిలీపట్నం నుంచి మక్కా యాత్రికులతో పోయే ఓడలకు కూడా ఆ చీటీ బెడద తప్పలేదు. చీటీ ఉంటే ఎవరి నుంచి రక్షణ? ప్రధానంగా చీటీ ఇచ్చినవాళ్ళ నుంచే. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, మాధవాయపాలెం రేవుల్లో తిరిగిన శామ్యూల్ వైట్ అనే ఆంగ్లేయుడి కథ దీనికి తగ్గ ఉదాహరణ. సియాం రాజు కొలువులో మెర్గుయి నుంచి మచిలీపట్నానికి ఏనుగులను ఓడల మీద తోలుకొచ్చేవాడు. 1683లో మెర్గుయి రేవుకు షాబందరు అయ్యాడు, అంటే రేవు అధికారి. సియాంకూ గోల్కొండకూ తగవు రాగానే ఆ అధికార ముద్రతోనే గోల్కొండ ఓడలను దోచాడు. ఉద్యోగం, దోపిడీ రెండూ ఒకే కుర్చీ నుంచి నడిచాయి. 1687లో మెర్గుయిలో ఆంగ్లేయుల మీద ఊచకోత జరిగినప్పుడు తప్పించుకుని ఇంగ్లండు చేరాడు. అతన్ని ఎవరూ ఉరితీయలేదు. ఉరి పడింది కెప్టెన్ కిడ్‌కు. ఓడదొంగలను పట్టుకోమని ఇంగ్లండు రాజు ఇచ్చిన పత్రంతో 1696లో బయలుదేరిన మనిషి, 1698లో కేదా మర్చంట్ అనే ఓడను పట్టి, 1701లో లండనులో ఓడదొంగగా ఉరికంబం ఎక్కాడు. ఆ ఓడకు ఫ్రెంచివాళ్ళ చీటీ ఉంది కనుక పట్టుకునే హక్కు తనకుందని అతని వాదన. విచారణలో కనబడని ఆ చీటీలు 20వ శతాబ్దంలో లండను రికార్డుల్లో బయటపడ్డాయి.

ఇదే కాలంలో ఆంగ్ల వర్తకుడు థామస్ పిట్ సంగతి మరీ వినోదం. ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని ధిక్కరించి దొంగచాటుగా వ్యాపారం చేసినందుకు కంపెనీ అతని మీద దావాలు వేసింది. లొంగడని తేలాక 1698లో అదే కంపెనీ అతన్ని చెన్నపట్నం కోటకు గవర్నరుగా పంపింది. అక్కడ అతను 48,000 వరహాలకు కొన్న వజ్రం కృష్ణాతీరపు గనుల్లోది. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాన్ని గనిలో దొరికించుకున్న బానిస కాలి గాయంలో దాచుకుని తీరానికి పారిపోయాడనీ, తీసుకుపోతానన్న ఆంగ్లేయ ఓడ కెప్టెన్ వజ్రం లాక్కుని అతన్ని సముద్రంలో తోసేశాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది కథే, రుజువు లేదు. కానీ తెలుగు పిల్లలకు ఓడదొంగల నవల రాయాలనుకునేవాళ్ళు స్పెయిన్ బంగారు నాణేల కోసం ఎందుకు వెతుక్కోవాలో నాకు బోధపడదు.

ఇప్పుడు కనుమ ఎక్కుదాం. ఆంబూరు వైపు నుంచి మైసూరు పీఠభూమి మీదికి వచ్చే దారి పెద్దనాయకన దుర్గం, నాయకనేరి మీదుగా వెంకటగిరికోట చేరుతుంది. చిత్తూరు వైపు నుంచి మొగిలి కనుమ పలమనేరుకు ఎక్కుతుంది. తీరం నుంచి ఉప్పు, బట్ట పైకి, పైనుంచి ధాన్యం, పోకలు కిందికి లంబాడీల పెరిక ఎద్దుల మీద ఈ దారులనే నడిచేవి. సైన్యాలూ ఇవే దారులు పట్టాయి. మొదటి మైసూరు యుద్ధంలో 1768లో కంపెనీ సేన వెంకటగిరికోటను తీసుకుని ముళబాగిలు, కోలారు మీదికి పోయింది. 1791లో కారన్‌వాలిస్ ఆంబూరు దారిన వస్తున్నట్టు నమ్మించి టిప్పు సేనను అటు కాపలా పెట్టించి, తాను మొగిలి కనుమ ఎక్కాడు. 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ మైసూరు దేశాన్ని పరిశీలించడానికి వెంకటగిరికోట మీదుగానే వెళ్ళాడు. రేవుకు ఓడ ఎలాంటిదో కనుమకు పెరిక అలాంటిది. ఇరుకు దారి, విలువైన మోత, తప్పించుకోవడానికి వేరే తోవ లేకపోవడం. ఇలాంటి చోట పుంగనూరు, కంగుంది వంటి పాలెగాళ్ళ సంస్థానాలు నిలబడ్డాయి. వాళ్ళ బలగానికి తిండి పెట్టిన ఆదాయాల్లో కావలి ఒకటి. ఊరి నుంచి, మడక నుంచి, దారిన పోయే మోత నుంచి ఇంత అని వసూలు చేసి, బదులుగా దొంగల నుంచి కాపాడతామని మాట ఇవ్వడం. ఆ దొంగలు ఎవరన్నది అసలు ప్రశ్న. కావలి కట్టని ఊరి మీద పడేది చాలాసార్లు కావలి బంట్రోతులే. కంచే చేను మేయడమన్న సామెత మన సీమకు ఎవరూ అరువు ఇవ్వలేదు. కార్తాజ్ చీటీ, కావలి రుసుము ఒకే జాతివి. రెండింటిలోనూ రక్షణ అమ్మేవాడే భయాన్నీ తయారు చేస్తాడు.

ఈ పోలికకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. పాలెగాడికి భూమి ఉంది, చెరువులు తవ్వించాడు, గుళ్ళకు మాన్యాలిచ్చాడు, తగవులు తీర్చాడు. పైగా కావలి ఒప్పందంలో ఒక బాధ్యత ఉంది. దొంగతనం జరిగితే సొత్తు పట్టి ఇవ్వాలి, లేదా నష్టం కట్టాలి. ఊళ్ళో తలారి మీద కూడా ఇదే భారం. ఏ పోర్చుగీసు కెప్టెనూ చీటీ తీసుకున్న వర్తకుడికి ఇంకొకరు చేసిన నష్టం పూడ్చలేదు. ఈ తేడా నిజమైనదే, దాన్ని దాటవేయకూడదు. కానీ అది ఎందుకొచ్చిందో చూస్తే నా వాదన బలపడుతుందే గాని చెడదు. పాలెగాడు రేపు కూడా ఆ ఊరి మొహమే చూడాలి. అతని పంట, అతని పెళ్ళి, అతని జాతర అక్కడే. అందుకే దోచుకోవడానికి హద్దు పెట్టుకున్నాడు. మార్కో పోలో చెప్పిన ఓడదొంగలు వర్తకులను ప్రాణాలతో వదలడంలోనూ ఆ హద్దు మొలక కనిపిస్తుంది. గణపతిదేవుడి అభయంలో అది చెట్టయింది. ఒకే దారి పక్కన ఎంతకాలం కాపురం ఉండాలన్నదాన్ని బట్టి దొంగ కావలివాడవుతాడు, కావలివాడు రాజవుతాడు. కరీబియన్ దొంగలు చాలామంది ఒకచోట ఎక్కువకాలం నిలవలేదు. వాళ్ళ కథలు అందుకే అంత రక్తసిక్తంగా ఉంటాయి.

రెండో అభ్యంతరం మన గౌరవానికి సంబంధించింది. కంపెనీని ఎదిరించిన పాలెగాళ్ళను దొంగలతో పోల్చడం ఆంగ్లేయుల మాటను మళ్ళీ చెప్పడం కాదా? దత్తమండలాలకు 1800లో వచ్చిన థామస్ మన్రో ఎనభై మంది పాలెగాళ్ళను ఒక్కొక్కరిగా అణచాడు. మదనపల్లె ఆ మండలాల్లోదే. 1804-05లో చిత్తూరు పాలెగాళ్ళు తిరగబడితే కంపెనీ సైన్యంతో లొంగదీసింది. కావలి హక్కు ఎవరిదన్నది ఆ తగాదాలో ముఖ్యాంశం. ఆ కాగితాలన్నిటిలో పాలెగాళ్ళు దోపిడీదార్లే. ఇదే కంపెనీ కొంకణ తీరంలో కన్హోజీ ఆంగ్రేను ఓడదొంగ అంది. మరాఠాలకు అతను సర్ఖేల్, నౌకాదళపతి. ఆంగ్రే కూడా చీటీలు ఇచ్చాడు, చీటీ లేని ఓడలు పట్టాడు. పోర్చుగీసువాళ్ళు, ఆంగ్లేయులు చేసిన పనే అది. ఇప్పుడు ముంబయిలో భారత నౌకాదళ స్థావరానికి అతని పేరే ఉంది. కనుక నా పోలిక పాలెగాణ్ణి కిందికి దించదు. అదే తూకంలో కంపెనీని కూడా ఎక్కిస్తుంది. పాలెగాడి కావలిని రద్దు చేసిన కంపెనీ ఆ డబ్బును రైతుకు వదిలేయలేదు, శిస్తులో కలిపి తానే తీసుకుంది. అయితే కావలి కింద నలిగిన రైతును మరిచిపోయి పాలెగాణ్ణి దేవుణ్ణి చేయడం కూడా చరిత్ర కాదు. పిల్లల పుస్తకం ఈ రెండు తప్పులూ చేయకపోతే చాలు, పెద్దల పుస్తకాల్లో చాలా వాటికంటే మెరుగ్గా ఉంటుంది.

ఇక కథకు కావలసిన పిల్లవాడు. ఓడదొంగ బార్తొలొమ్యూ రాబర్ట్స్ ముఠా నియమాల్లో ఆడవాళ్ళనూ పిల్లలనూ ఓడ ఎక్కించకూడదని ఉంది. అయినా 1716లో జాన్ కింగ్ అనే తొమ్మిది పదేళ్ళ పిల్లవాడు, పట్టుబడిన ఓడ మీద తల్లితో ఉన్నవాడు, మారాం చేసి శామ్ బెల్లమీ ముఠాలో చేరాడు. మరుసటి ఏడు విడా అనే బెల్లమీ ఓడ మునిగింది. శిథిలాల్లో దొరికిన చిన్న బూటు, పట్టు మేజోడు, కాలి ఎముక అతనివేనని పరిశోధకుల అభిప్రాయం. మనకు ఇంకా దగ్గరివాడు జేమ్స్ స్కరీ. హానిబాల్ అనే ఆంగ్ల యుద్ధనౌక మీద పనిచేస్తున్న ఈ కుర్రవాడు పదహారేళ్ళ ప్రాయంలో, 1782లో ఫ్రెంచివాళ్ళకు చిక్కాడు. వాళ్ళ సేనాని సఫ్రెన్ ఖైదీలను హైదరాలీకి అప్పగించాడు. తోటి కుర్రవాళ్ళతో కలిపి అతన్ని కనుమలు ఎక్కించి బెంగళూరు, శ్రీరంగపట్నం తీసుకుపోయారు. అక్కడే మతం మార్చి, సైన్యంలో చేర్చి, పెళ్ళి చేశారు. దాదాపు పదేళ్ళ తర్వాత తప్పించుకుపోయినవాడికి కుర్చీలో కూర్చోవడం, కత్తీ ఫోర్కుతో తినడం చేతకాలేదట. అతని కథ 1824లో పుస్తకమైంది. ఆంగ్లేయులు టిప్పు మీద వేసిన నిందల నీడ దాని మీద ఉంది, జాగ్రత్తగా చదవాలి. అయినా పట్టుకున్నవాళ్ళ మధ్య పెరిగి, వాళ్ళ తిండీ మాటా ఒంటబట్టించుకున్న పిల్లవాడు అందులో సాక్షాత్తూ ఉన్నాడు.

బొమ్మలకూ కొదవ లేదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంది. ముంబయి దగ్గర ఎక్సర్ వీరగల్లుల మీద తెడ్ల వరసలతో ఓడలు యుద్ధం చేస్తున్నాయి. మన దగ్గర పుంగనూరు, మదనపల్లె చుట్టూ బాణ, నొళంబ, వైదుంబ కాలాల వీరగల్లులు పొలాల గట్ల మీద నిలబడి ఉన్నాయి. చేతిలో కత్తి, విల్లు, బిగించి కట్టిన కొప్పు, పక్కన ఆవులు. ఊరి పశువులను తోలుకుపోతున్నవాళ్ళను అడ్డుకుని చచ్చిన మనిషికి అది గుర్తు. తోలుకుపోవడానికి వచ్చినవాళ్ళలో రాజుల సైన్యాలూ ఉన్నాయి, వాళ్ళ ఊళ్ళలో వాళ్ళకూ ఇలాంటి రాళ్ళే నిలిపారు. చిత్రకారుడికి ఇంతకంటే నమ్మకమైన నమూనా ఏం కావాలి? ఆ రాళ్ళలో దొంగకూ వీరుడికీ వేషంలో తేడా లేదు.

ఇంత చిక్కు వ్యవహారం పిల్లలకు ఎందుకు, మంచివాడెవరో చెడ్డవాడెవరో తేల్చి చెబితే చాలదా అనేవాళ్ళున్నారు. దొంగా పోలీసు ఆట ఆడే పిల్లలకు ఈ చిక్కు కొత్త కాదు. నిన్న పోలీసయినవాడు ఇవాళ దొంగ అవుతాడు, చీటీ ఎవరికి పడితే వాళ్ళు. వాళ్ళకు అర్థం కానిది మనం అతికించే నీతి. దోపిడీని అందంగా చూపిస్తున్నారన్న నింద కాంచనద్వీపం తరహా కథలకే ఎక్కువ వర్తిస్తుంది. అక్కడ దోచినవాడి సొమ్ము చివరికి కథానాయకుడి ఇంటికే చేరుతుంది, ఆ సొమ్ము పోగొట్టుకున్న వర్తకుడెవరో పేరైనా ఉండదు. మన కథలో ఆ వర్తకుడు, పెరిక ఎద్దుల లంబాడీ, కావలి కట్టలేని మడకరైతు, ఓడ మీదే పెరిగే దొంగ బిడ్డ, నలుగురూ ఉండాలి. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం బడుల్లో తెలుగు, సాంఘికం చెప్పే పంతుళ్ళకు ఒక విన్నపం. మీ ఊరి పొలిమేరలో వీరగల్లు ఉంటే ఈ ఏడు పిల్లల చేత దాని బొమ్మ వేయించండి. చేతిలో ఆయుధం ఏమిటి, ఆవులు ఎటు తిరిగి ఉన్నాయి, పక్కన రాత ఉందా, అన్నీ రాయించండి. కథ రాసేవాళ్ళకు అక్కడి నుంచే పని మొదలవుతుంది.